తిట్టు మాది, వరస సంస్థది

వియ్యపురాలిని తిట్టడం కోనసీమలో ఒక విద్య. తిట్టించుకోవడం అంతకన్నా పెద్ద విద్య. బంతిలో అరిటాకు ముందు కూర్చుని, ఆడపెళ్లివారు తన నడుమునీ నడకనీ నగల్నీ పాట కట్టి పాడుతుంటే, కోపం వచ్చినట్టు కళ్లెర్రజేస్తూ, నవ్వు రానట్టు మూతి బిగించుకుని, రెండో పూర్ణం బూరె అందుకోవాలంటే మాటలు కాదు.

అమలాపురంలో ఈ తిట్లకు హైమవతి గారు పెట్టింది పేరు. ఏ సినిమా పాట విన్నా ఆవిడకు అందులో హీరో కనపడడు, హీరోయిన్ కనపడదు, ఎవరో ఒక వియ్యపురాలు కనపడుతుంది. కుక్కర్ కూత వేసేలోపు పల్లవి అయిపోతుంది. పోపు మాడేలోపు చరణం అయిపోతుంది, ఒక్కోసారి పోపు మాడాకే అవుతుంది. కాగితం మీద పైన "ఫలానా పాట వరస" అని రాసుకుని కింద తన మాటలు రాసుకుంటారు. ఇది ఆవిడ ఒక్కరి అలవాటు కాదు. ఆ వీధిలో ఆడవాళ్లు పాడే భజనలన్నీ అలా కట్టినవే. శుక్రవారం అమ్మవారి హారతి సగం క్లబ్బు డాన్సుల వరసలోనే నడుస్తుంది. అమ్మవారు ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

అభ్యంతరం స్వరసంపద పరిరక్షణ సంస్థ చెప్పింది.

శ్రావణంలో ఎవరిదో పెళ్లిలో హైమవతి గారు పాడిన వీడియో ఎవరో కుర్రకారు యూట్యూబులో పెట్టారు. సినిమా పాటల హక్కులు కొనిపెట్టుకున్న ఆ సంస్థ వారి దగ్గర ఒక యంత్రం ఉందట. లోకంలో ఎవరు ఏ మూల కూనిరాగం తీసినా అది పసిగడుతుందట. దానికి మాటలు తెలియవు, మనుషులు తెలియరు, వరస ఒక్కటే తెలుసు. ఆ వరస తమదని చెప్పింది. రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది.

హైమవతి గారి భర్త సోమయాజులు గారు ఇరిగేషన్లో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. ఎంతకాలమైందో ఇంటికి ఇలాంటి కాగితం వచ్చి. కళ్లజోడు తుడుచుకుని మరీ పైకి చదివారు.

"తమరు, తమ అనుచర బృందం కలసి సదరు వరసను అపహరించి, జనసమూహం మధ్య బహిరంగంగా వినియోగించినట్లు నిర్ధారణ అయినది. ఇకపై ఆలపించిన యెడల సంగీత చౌర్యముగా పరిగణించి, ఆలపించుచున్న చోటనే నిలుపుదల చేయబడును." కాగితం మడిచి, "మంచి డ్రాఫ్టింగు" అన్నారు.

పక్కింటి శేషారత్నం మాత్రం నొచ్చుకుంది. "అదేంటి వదినా, ఇన్నేళ్లబట్టి మీ వెనకాల గొంతు చించుకుంటున్నాను. నా పేరు లేదేంటి అందులో?"

"అనుచర బృందంలో ఉన్నావులేవే."

"ఆయ్, అంతేనా!"

ఇంకెప్పుడైనా అయితే హైమవతి గారు కూడా నవ్వి ఊరుకునేవారు. కానీ కార్తీకంలో మేనకోడలు లిఖిత పెళ్లి. తణుకు సంబంధం. పిల్లవాడి తల్లి త్రిపురసుందరి గారు పెట్టుపోతల మాట ఎత్తలేదు, ఫలానా హోటల్ భోజనమే కావాలని అనలేదు. నిశ్చితార్థం నాడు హైమవతి గారి చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగారు.

"వదినగారూ, మా పెద్దాడి పెళ్లిలో డీజే పెట్టారండీ. నా చెవులు అదిరాయి గానీ, నన్ను ఒక్కళ్లంటే ఒక్కళ్లు ఒక్క మాట అనలేదు. మా ఆడపడుచుల ముందు తలెత్తుకోలేకపోయాను. వియ్యపురాలిగా చూశారా, వచ్చిపోయే చుట్టంగా చూశారా? ఈసారైనా నన్ను నాలుగు మాటలు అనిపించండి."

ఆ పెద్ద కోడలు లిఖితకు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పింది. లిఖిత మొహం వేలాడేసుకుని మేనత్త దగ్గరకొచ్చింది.

"అత్తయ్యా, ఆ అక్క పెళ్లయి ఆరేళ్లయిందట. ఇప్పటికీ పప్పులో ఉప్పు తగ్గితే చాలు, 'అనవలసిన రోజున మీవాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు' అంటుందట ఆవిడ. నన్ను కూడా జీవితాంతం ఉప్పు సరిచూసుకుంటూ బతకమంటావా?"

"నీకెందుకే, ఆవిణ్ణి కడుపునిండా తిడతాను కదా" అని మాటిచ్చేశారు హైమవతి గారు. మాటిచ్చిన మర్నాడే రిజిస్టర్డ్ పోస్టు.

రాజమండ్రిలో సంస్థ వారి ప్రాంతీయ కార్యాలయానికి భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. గోడమీద "స్వరం మా ఆస్తి, నిశ్శబ్దం మీ హక్కు" అని రాసి ఉంది. ప్రాంతీయ సంచాలకుల వారు పెద్దమనిషే. కుర్చీ చూపించి, తర్వాతే మాట్లాడారు.

"అమ్మా, పెళ్లితంతులో పాడే పాటలకు చట్టంలో మినహాయింపు ఉన్నది. చట్టం పట్ల మాకు అపారమైన గౌరవం. అయితే, వియ్యపురాలిని తూలనాడుట వివాహ క్రతువులో అంతర్భాగమని తమరు నిరూపించాలి."

"అది లేకుండా పెళ్లెలా అవుతుందండీ?"

"అవుతుందమ్మా. మా అబ్బాయికి అయింది."

"మరి వియ్యపురాలు ఏమీ అనుకోలేదా?"

సంచాలకుల వారు ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూశారు. "మా ఆవిడ సంగతి ఫైలులో లేదు" అని, "పురోహితుల వారి ధ్రువపత్రం జతపరచండి" అన్నారు.

పురోహితుడు తల అడ్డంగా ఊపాడు. "సప్తపదికి మంత్రం ఉందమ్మా. అరుంధతికి ఉంది. కాశీయాత్రకి గొడుగు పట్టేటప్పుడు కూడా ఏదో ఒకటి చదువుతాను. తిట్టుకి మంత్రం ఎక్కణ్ణుంచి తేను? మంత్రం లేనిదాన్ని తంతు అని నేను సంతకం పెడితే రేపు నన్ను సభలో కూర్చోనిస్తారా?" గుమ్మందాకా సాగనంపి మెల్లగా అన్నాడు. "అయినా మావాడి పెళ్లిలో మా ఆవిణ్ణి మీరు తిట్టింది ఇప్పటికీ మా ఇంట్లో పాడుకుంటాం. నాకైతే తెగ నచ్చింది."

మళ్లీ రాజమండ్రి. ఈసారి హైమవతి గారు సినిమా వరస వదిలేసి సొంతంగా ఒక వరస కట్టుకుని వెళ్లారు. యంత్రానికి వినిపించారు. అది చాలాసేపు గుర్రుగుర్రుమని, సగానికి సగం తమదేనంది.

"నేను నిన్న వంటింట్లో కట్టానండీ!"

"కట్టారు, కాదనను" అన్నారు సంచాలకుల వారు సానుభూతిగా. "ఉన్నవి ఏడు స్వరాలమ్మా. మా దగ్గర లక్ష పాటలున్నాయి. తమరు ఎటు కదిలినా మా ఆవరణలోకే వస్తారు."

"పోనీ, మా అమ్మమ్మ పాడే వరస ఉందండీ. ఆవిడకు వాళ్లమ్మ నేర్పింది." హైమవతి గారు అదీ వినిపించారు. యంత్రం ఈసారి ఆలోచించనే లేదు, ఎర్రలైటు వెలిగించింది.

"దీన్ని పోయినేడు మా సభ్య సంస్థ ఒకటి రీమిక్స్ చేసింది. కనుక తమ అమ్మమ్మ గారు పాడినది మా స్వరానికి నకలు అవుతుంది."

"ఆవిడ పోయి ముప్పై ఏళ్లయిందండీ."

"అందువల్లనే ఆవిడకు నోటీసు పంపలేదు."

అక్కడితో వాదోపవాదాలు ముగిసినట్టు సంచాలకుల వారు ప్రకటించారు. వారం తిరగకుండా తీర్పు వచ్చింది. సోమయాజులు గారు మళ్లీ కళ్లజోడు తుడుచుకున్నారు.

"సదరు గేయమందలి మాటలు ప్రతివాది స్వీయ కల్పన అనియు, వరస సంస్థ ఆస్తి అనియు రుజువైనది. కావున ప్రతివాది తన మాటలను యథేచ్ఛగా వాడుకొనవచ్చును. వాడునప్పుడు వాటికి వరస తగలరాదు. సాగదీత, తూగు, తల ఊపుట, వ్రేళ్లతో తాళము వేయుట నిషిద్ధం. పర్యవేక్షణకై ఒక పరిశీలకుడు వివాహమునకు హాజరగును." కాగితం దించి, "గెలిచావోయ్ హైమా! తిట్టే హక్కు పూర్తిగా నీకే రాసిచ్చారు" అన్నారు.

"తిట్టు నాకిచ్చి, అందులో నవ్వు వాళ్లు ఉంచుకున్నారండీ" అన్నారు హైమవతి గారు.

అయినా ప్రయత్నం మానలేదు. శేషారత్నాన్నీ, మరో నలుగురినీ కూర్చోబెట్టి వరస లేకుండా పాడటం నేర్పారు. పాడటం నేర్చుకోవడానికి అంత కష్టపడలేదు వాళ్లెవరూ. చేతులు వెనక్కి కట్టుకోమంటే తల ఊగేది. తల బిగబట్టుకోమంటే కాలి బొటనవేలు తాళం వేసేది. శేషారత్నం సంగతైతే చెప్పనక్కర్లేదు. కూరగాయల వాణ్ణి "వంకాయలెంతా" అని అడిగినా ఆవిడ నోట్లో అది పల్లవై కూర్చుంటుంది.

"రేడియోలో వార్తలు చదువుతారు చూడు, అలా చదవ్వే" అని బతిమాలారు హైమవతి గారు.

"వార్తల్లో ఇంత మంచి మాటలుండవు కదా వదినా! నోరు ఊరుకోదు."

పెళ్లిరోజు రానే వచ్చింది. పరిశీలకుడూ వచ్చాడు. పేరు పానకాలరావు. సొంతూరు మంగళగిరి. సఫారీ సూటు, చేతిలో ఫోను, ఫోనుకో స్టాండు. "నేనిక్కడ లేనట్టే భావించండి" అని చెప్పి, బంతికి సరిగ్గా నడిమధ్య కుర్చీ వేయించుకున్నాడు. భోజనం చేయమంటే, రిపోర్టు ఇచ్చేదాకా ప్రతివాది ఇంట మంచినీళ్లు కూడా ముట్టుకోకూడదన్నాడు.

మగపెళ్లివారు బంతికి కూర్చున్నారు. ఆకుల్లో పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పూర్ణం బూరెలు. మధ్యలో త్రిపురసుందరి గారు పట్టుచీరలో, వంటినిండా నగలతో, ఆరేళ్ల బాకీ వసూలు చేసుకోబోతున్న ఠీవితో కూర్చున్నారు. ఆడపడుచుల్ని చెరోపక్కా కూర్చోబెట్టుకున్నారు, సాక్ష్యానికి. నవ్వు ఆపుకోవడానికి వీలుగా పమిటచెంగు ముందే గుప్పిట పట్టుకున్నారు.

హైమవతి గారి బృందం చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో ప్రతిజ్ఞ చెప్పే పిల్లల్లా వరసగా నిలబడింది. హైమవతి గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"వియ్యపురాలొచ్చింది. విడిదింటికి. వెంట వచ్చాయి. పెట్టెలు. వీధి చివరికి."

ఫోను తెరమీద "గద్యము" అని పచ్చగా వెలిగింది. పానకాలరావు తృప్తిగా తల పంకించాడు.

"పెట్టెలు తెచ్చుకుంటే వీళ్లకేంటంట?" అంది మగపెళ్లివారిలో ఒకావిడ.

"కాఫీలో పంచదార తక్కువంది. కప్పు మాత్రం మూడుసార్లు నింపమంది."

పెళ్లికొడుకు మేనమామ చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. "అంటే ఏంటండీ? కాఫీలు లెక్కపెడుతున్నారా?"

త్రిపురసుందరి గారి గుప్పిట్లో పమిటచెంగు అలాగే ఉంది. ఆపుకోవడానికి నవ్వే రావడం లేదు. ఇక ఆపితే అసలుకే మోసమని హైమవతి గారు ఒక్క గుక్కలో మూడో చరణం చదివేశారు.

"నడుమెక్కడని వడ్డాణం అడుగుతోంది. నాలుగు వీధులు తిరిగొచ్చి అలిసిపోయింది."

దప్పళం వడ్డిస్తున్న గరిటె గాల్లో ఆగిపోయింది. వరస ఉన్నప్పుడు ఇదే మాటకు ఎందరు వియ్యపురాళ్లు పొలమారేదాకా నవ్వారో! వరస ఊడదీశాక అది పోలీసు రిపోర్టులా వినపడింది. త్రిపురసుందరి గారి కళ్లు నిజంగానే ఎర్రబడ్డాయి.

"వదినగారూ, నన్ను అనమన్నాను. ఇలా అనమన్నానా?" అంటూ ఆకు మీంచి చెయ్యి తీశారు. ఆవిడ చెయ్యి తీస్తే బంతి మొత్తం లేస్తుంది. బంతి లేస్తే పెళ్లివారి బస్సు బయల్దేరుతుంది. స్తంభం పక్కన నిలబడ్డ లిఖిత మేనత్త వైపు చూసింది. ఆ చూపులో ఒక నిండు జీవితానికి సరిపడా పప్పు, ఉప్పు కనపడ్డాయి హైమవతి గారికి.

ఆ కంగారులో శేషారత్నం నోరు జారింది. "అలిసిపోయిందీ..." అని చివరి అక్షరాన్ని కాస్త పైకి లేపి, కిందికి దించింది.

ఫోను కీచుమంది. తెరమీద "అనుమానాస్పదం" అని వచ్చింది. పానకాలరావు లేచి నిలబడ్డాడు.

"ఆగండి. ఎవ్వరూ కదలకూడదు. చివరి అక్షరానికి వరస తగిలింది. నియమావళి ప్రకారం అనుమానిత శబ్దాన్ని అసలు వరస పక్కన పెట్టి సరిపోల్చాలి."

"అయితే మీ ఫోన్లో అసలు పాట పెట్టండి" అన్నారు సోమయాజులు గారు.

"ఇంతమంది మధ్య రికార్డు పెట్టాలంటే నేను మా సంస్థ నుంచి అనుమతి తెచ్చుకోవాలండీ. పదిహేను రోజులు పడుతుంది. స్వయంగా ఆలపించి సరిపోల్చుటకు మాత్రమే నాకు అధికారం దఖలు పడినది."

అని కళ్లు మూసుకుని వరస ఎత్తుకున్నాడు. సఫారీ సూటులోంచి అలాంటి గొంతు వస్తుందని ఎవరూ అనుకోలేదు. చిన్నప్పుడు మంగళగిరిలో భజనల్లో ఆరితేరిన గొంతు, ఉద్యోగంలో చేరాక ఇతరుల్ని ఆపడానికే తప్ప బయటికి రాని గొంతు. ఒకసారి బయటికి వచ్చాక చరణం చివరిదాకా వెళ్లిగానీ ఆగలేదు. బంతిలో ఒకటి రెండు తలలు ఊగాయి. త్రిపురసుందరి గారి చెయ్యి ఆకుకు జానెడు ఎత్తులో నిలిచింది.

హైమవతి గారికి ఆ జానెడు చాలింది.

"మీరు పాడొచ్చాండీ?" అని అమాయకంగా అడిగారు.

"ఇది పాడటం కాదమ్మా. గుర్తింపు."

"అయితే పోలిక సరిగ్గా తేలాలంటే మా మాటలు కూడా పక్కన వినపడాలి కదండీ?"

పానకాలరావు ఆలోచించాడు. "వినపడాలి. కానీ విడిగా."

"విడిగానే అంటామండీ. మీరూ విడిగానే గుర్తించండి. ఇద్దరం ఒకేసారి, విడివిడిగా."

నియమావళిలో ఎక్కడా దీన్ని కాదనే మాట ఆయనకు దొరకలేదు. మళ్లీ కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. హైమవతి గారి బృందం చేతులు వెనక్కి కట్టుకుని, తలలు బిగబట్టుకుని, వార్తల్లాగే మాటలు అప్పజెప్పింది. ఆ మాటలు వెళ్లి వెళ్లి ఆయన వరస మీద కూర్చున్నాయి. వడ్డాణం నాలుగు వీధులూ తిరిగి అలిసిపోయేసరికి ముందు పెళ్లికొడుకు మేనమామ కిసుక్కుమన్నాడు. తర్వాత ఆడపడుచులు. త్రిపురసుందరి గారు పమిటచెంగు నోట్లో కుక్కుకున్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఆ పెట్టెల సంగతి మళ్లీ అనండి వదినగారూ, మా చిన్నాడపడుచు సరిగ్గా వినలేదు!" అంటూ బూరె తుంచారు.

"పరిశీలకుల వారూ, మొదటి చరణం మీద కూడా నాకే అనుమానంగా ఉందండీ" అన్నారు హైమవతి గారు. "ఎందుకైనా మంచిది, ఒకసారి చూసేయండి."

చూశాడు. రెండో చరణం మీద శేషారత్నానికి అనుమానం వచ్చింది. అదీ చూశాడు. ఆ తర్వాత, ఇంకా చదవని చరణాల మీద మగపెళ్లివారికే అనుమానాలు మొదలయ్యాయి. మజ్జిగ వడ్డించేసరికి పానకాలరావుకు గొంతు ఎండిపోయింది. సోమయాజులు గారు మంచినీళ్లు అందిస్తూ, "ఇంతకీ ఆ వరస ఎవరిదండీ?" అన్నారు.

"మా సంస్థది. నా నోట వచ్చింది కదా."

"మాటలు?"

"వారివి."

"మరి పాట?"

పానకాలరావు మంచినీళ్ల నియమం మరిచి గ్లాసు గటగటా తాగేశాడు. "పాట... జరగలేదండీ" అన్నాడు.

రిపోర్టులోనూ అదే రాశాడు. వరస విడిగా, మాటలు విడిగా వినిపించినవి, పాట జరగలేదు, పోలికల నిమిత్తం సంస్థ స్వరం పలుమార్లు వినియోగపడినది. పలుమార్లు అన్న మాట ప్రాంతీయ సంచాలకుల వారికి ఎంతో నచ్చింది. తక్కినచోట్ల పరిశీలకులు ఒక్కొక్క ఉల్లంఘన పట్టుకోవడానికే ఆపసోపాలు పడుతున్నారు మరి.

తణుకులో లిఖిత సుఖంగా ఉంది. పప్పులో ఉప్పు తగ్గితే అత్తగారు ఉప్పు వేసుకుంటున్నారట.

పెళ్లి సంగతి మాత్రం గోదావరికి రెండువైపులా పాకింది. ముమ్మిడివరం నుంచి ఒకావిడ సంస్థకు ఫిర్యాదు పంపింది. "అయ్యా, వచ్చే ఆదివారం మా ఇంట పెళ్లి. మేము మీ వరసను దొంగిలించే ప్రమాదం గట్టిగా ఉన్నది. దయయుంచి పానకాలరావు గారిని పంపగలరు." రాజోలు నుంచి అలాంటిదే ఇంకొకటి. రావులపాలెం నుంచి వచ్చినదాంట్లో ఏయే వరసలు దొంగిలించబోతున్నారో ముందుగానే రాసి, ఒక్కొక్కటి ఏ శ్రుతిలో గుర్తించాలో కూడా కోరారు. సంచాలకుల వారు వార్షిక సమావేశంలో కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ప్రజల్లో ఇంతటి చైతన్యం నా సర్వీసులో చూడలేదు. నేరం చేయకముందే ఒప్పుకుంటున్నారు!" కొత్త పరిశీలకుల ఉద్యోగాలు మంజూరయ్యాయి. అర్హతల్లో న్యాయశాస్త్ర పట్టా తీసేసి, గాత్రం చేర్చారు. అయినా జనం పానకాలరావునే అడిగారు. ఆయన సఫారీ సూటు మానేసి లాల్చీ కుట్టించుకున్నాడు.

మాఘంలో త్రిపురసుందరి గారి అమ్మాయి పెళ్లి కుదిరింది. ఈసారి ఆవిడ తిట్టించుకునే వైపు కాదు, తిట్టే వైపు. మాటలు కట్టడానికి హైమవతి గారిని ప్రత్యేకం తణుకు పిలిపించుకున్నారు. ఇద్దరూ సావిట్లో కూర్చుంటే, వాళ్ల పురోహితుడు పంచాంగం తిరగేశాడు.

"బహుళ పంచమి దివ్యంగా ఉందమ్మా. ఇలాంటి లగ్నం మళ్లీ దొరకదు."

"పంచమి నాడు పానకాలరావు గారు పాలకొల్లులో ఉన్నారండీ" అన్నారు త్రిపురసుందరి గారు.

"పోనీ సప్తమి."

"సప్తమి నరసాపురం" అన్నారు హైమవతి గారు. "దశమి ఉదయం ఖాళీ అన్నారు. నేనే కనుక్కున్నాను."

పురోహితుడు దశమి దగ్గర వేలు పెట్టి నొసలు చిట్లించాడు. "దశమి లగ్నానికి కుజుడు అడ్డంగా ఉన్నాడమ్మా. మంచిది కాదు."

"కుజుడికి శాంతి చేయించొచ్చు పంతులుగారూ" అన్నారు త్రిపురసుందరి గారు. "తిట్టు పడని వియ్యపురాలికి ఎవరు చేయిస్తారు శాంతి?"

పురోహితుడు ఆవిణ్ణోసారి, హైమవతి గారినోసారి చూసి, దశమి ఖాయం చేశాడు.